మచ్చుకు సరిపోలని పసుపు

ముప్ఫై ఏళ్ళు ఒక దినపత్రికకు ఆర్మూరు నుంచి వార్తలు రాశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి కూర్చుంటారు. "సార్, మీరు చూసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఏది?" అని అడుగుతారు. ఏ ఎన్నికల గొడవో, గోదావరి వరదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది వేరే. ఒక అమ్మాయి కంప్యూటరు తెర మీద ఒక గుర్తును తీసేసి, ఆ చోట మూడు గుర్తులు పెట్టడం చూశాను. నా ఉద్యోగంలో అంత పెద్ద పని మరొకటి చూడలేదు. ఆ ఒక్క గుర్తు మూలంగా ఒక రైతు పరువు పోయింది. పోగొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే తొందరపడకుండా చెబుతాను.

తొంభైల నడిమి సంగతి. శివరాత్రి దాటిందంటే మా ఊళ్ళో ఏ అంగీ వేసుకున్నా సాయంత్రానికి పసుపు దుమ్ముకు పచ్చబడేది. పొద్దున్నే మార్కెట్ యార్డుకు పోయి ధరలు రాసుకోవడం, మధ్యాహ్నానికి వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి నిజామాబాదు బస్సు డ్రైవరు చేతికివ్వడం నా దినచర్య. కవరు బస్సెక్కిన తర్వాత ప్రపంచంలో ఏం జరిగినా అది రేపటి వార్తే.

ఆ ఏడు రైతుల సంఘం ఒకటి తన సభ్యుల పసుపును తానే చేర్చి, సీజనంతా ఒకే రకం సరుకు పంపిస్తానని బయటి కొనుగోలుదారుకు మాట ఇచ్చింది. ఒకే రకం అని చెప్పడం తేలిక. తేల్చడం కష్టం. అంతకుముందు దానికి రెండు సాధనాలుండేవి. ఒకటి సంఘం గుమస్తా బల్ల మీది గాజు సీసా. అందులో గుప్పెడు పసుపు, దాన్ని మచ్చు అనేవారు. రెండోది ఒక అవ్వ. పసుపు ఏరే ఆడవాళ్ళకు పెద్ద. కొమ్మును విరిచి, ఆ చప్పుడు విని, లోపలి రంగు చూసి చెప్పేది. ఆమె సీసా వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు సంఘం కంప్యూటరు కొన్నది. ఇక కొమ్ముల పొడవు, తేమ, విరిగిన ముక్కలు, కిలోలో మండలు, అంటే ధర తక్కువ పలికే గుండ్రటి దుంపలు, ఎన్ని వచ్చాయన్నది కొలిచి అందులో ఎక్కించాలి. పోల్చే పని దానిది. అవ్వను ఏరుడు పనికే ఉంచేశారు.

కంప్యూటరు పని చేసి పెట్టడానికి వచ్చినామె కమ్మర్‌పల్లి వైపు రైతు ఇంటి బిడ్డ. వరంగల్‌లో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం చేసింది. సంఘం ఆమెను అడిగింది ఒక ప్రోగ్రాం. ఆమె తయారు చేసింది ఒక చిన్న భాష.

"ప్రోగ్రాం రాసిచ్చి పోతే రూల్ మారినప్పుడల్లా నన్నే పిలవాలె సార్," అని నాకు చెప్పింది. "గుమస్తా అన్న తన రూల్స్ తనే రాసుకోవాలె. అట్ల రాసుకోనీకె ఒక భాష ఇస్తున్న. కూడుడు, తీసివేసుడు పెద్ద కష్టం కాదు. రెండు ఒక్కటేనా అని అడుగుడే కష్టం. ఏ భాష చేసినోళ్ళకైనా గాడనే చెమటలు పడతయి."

నాకు నవ్వొచ్చింది. ఒక్కటే అయితే ఒక్కటే, కాకపోతే కాదు. ఇందులో చెమటలెందుకు?

మొదట ఆమె అన్ని గుర్తులూ పెట్టింది. సమానం, పెద్ద, చిన్న, కనీసం ఇంత, మించకుండా ఇంత. గుమస్తాకు యాభై దాటాయి. పెద్ద, చిన్న గుర్తుల్లో నోరు ఎటు తెరిచి ఉండాలో ఆయనకు రోజూ సందేహమే.

"గీ మూతులన్నీ నాకెందుకు మేడం? ఒకటి గిటు తెరుస్తది, ఒకటి గటు తెరుస్తది. మా ఇంట్ల అత్తాకోడండ్ల లెక్క. ఒక్కటి పెట్టు, సాలు."

ఆమె రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. వాడేవాడికి సులువుగా ఉండాలన్నది ఆమె పట్టుదల. మిగిలింది ఒకే ఒక గుర్తు, రెండు అడ్డగీతలు. ఇంత తేడా వరకు పర్వాలేదని సంఘం ఒక హద్దు చెప్పింది. ఆ హద్దులో ఉంటే సమానం, దాటితే కాదు.

"దేంతోని పోలుస్తరు?" అని ఆమె అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"సీసల ఉన్నదాంతోని," అన్నాడు గుమస్తా.

"సీసలది ఎప్పుడు మారుస్తరు?"

"వెలుతురుకు రంగు వెలుస్తది గద మేడం, వచ్చినోడల్ల చెయ్యి పెడ్తడు. గందుకే ఆఖర్ల పాసైన సంచిలకెల్లి గుప్పెడు తీసి పోస్తం. మా నాయిన జమాననుంచి గదే రివాజు."

ఆమె ఆ ఆచారాన్ని ఉన్నదున్నట్టు యంత్రంలో పెట్టింది. ఒక సరుకు పాసైతే దాని కొలతలే మరుసటి సరుకుకు మచ్చు. నేను దాన్ని మెచ్చుకుంటూ వార్త రాశాను. ఫోటో కూడా వేశారు. అందులో గుమస్తా కంప్యూటరు పక్కన, పెళ్ళికొడుకు పక్కన తోడుపెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

సీజను మొదట్లో నందిపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు పసుపుతోనే సీసా నింపారు. అంత బాగుందది. నెలన్నర తర్వాత అదే రైతు మిగతా పసుపు తెచ్చాడు. కొలిచారు, ఎక్కించారు. ప్రింటరు గీరుమని ఒక చిట్టీ కక్కింది. సరిపోలలేదు.

ఆ మధ్యాహ్నం నేను యార్డులో లేను. మర్నాడు పోయి గుమస్తా దగ్గరి చిట్టీలు తిరగేశాను. బస్సుకు టైమవుతోంది. "సరిపోలలేదు" అనే ముక్క వార్త కాదని నా అనుభవం చెప్పింది. నాసిరకం కలిపిన పసుపును కంప్యూటరు పట్టేసిందని రాశాను. రైతు పేరు రాయలేదు, ఊరి పేరు రాశాను. జాగ్రత్తపడ్డానని కూడా అనుకున్నాను. ఆ ఊరి నుంచి ఆ రోజు సరుకు తెచ్చింది అతనొక్కడేనని ఆ ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు.

వార్త వచ్చిన నాలుగు రోజులకు నేను యార్డులోకి అడుగు పెట్టేసరికి ఆ రైతు తన సంచుల మీద కూర్చుని ఉన్నాడు. సంచులు అమ్మలేదు, వెనక్కి తీసుకుపోలేదు.

"పేపర్ సారువు నువ్వేనా?"

"నేనే."

"నా పసుపుల నేనేం కలిపిన్నో నువ్వు చూసినవా సారూ?"

"చూడలేదు."

"మరెట్ల రాసినవ్?"

పక్కన సంచులు మోస్తున్న హమాలీ ఒకడు ఆగి, "కంప్యూటర్ చెప్పినంక చూసుడెందుకే పటేలా! అది మనం కలపకముందల్నే చూస్తది," అన్నాడు. నలుగురు నవ్వారు. రైతు నవ్వలేదు.

"మా ఊరి హోటల్ల పేపర్ సదివి వినిపిస్తరు సారూ. నాలుగు రోజులాయె, పొద్దుగాల గదే సదువుతున్నరు, మాపటికి గదే సదువుతున్నరు. నా పెండ్లాం బీడీలు అప్పజెప్పనీకె కార్ఖానకు పోతే, బీడీలల్ల గూడ గడ్డి కలిపినవా అని నవ్విండ్రట." ఆయన గొంతు పెంచలేదు. "ఒక్కటే చెల్క. ఒక్కటే కాగుల ఉడకబెట్టిన. ఒక్కటే కల్లంల ఆరబోసిన. సగం తెస్తే సీసల పెట్టుకుంటిరి. మిగిలిన సగం తెస్తే కల్తీ అంటిరి. గిది మంచిదని మీ నోటితోని చెప్పేదాంక గీడికెల్లి లేవ."

సంఘం అధ్యక్షుడు మంచివాడే కానీ ఆ రోజు విసుగ్గా ఉన్నాడు. "అగో, మిషిన్ తప్పు చేస్తదా?" అన్నాడు.

ఆ అమ్మాయి అప్పటికే గడపలో నిలబడి వింటోంది. "మిషిన్ చెయ్యలేదు పెద్దయ్యా. నేను చేసిన్నేమో చూడాలె," అంది. తర్వాత రైతు వైపు తిరిగింది. "ఈయన పసుపు ఈయన పసుపుతోనే సరిపోలలేదంటే అనుమానించాల్సింది పసుపును కాదు. పోల్చుడును."

నేను చాలామంది అధికారులను చూశాను. తప్పు తనదేమోనని ముందుగా, అదీ పదిమందిలో, అన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక చెయ్యి చాలు.

సీజను మొదటినుంచీ పాసైన సరుకుల వివరాలన్నీ ఆమె ప్రింటు తీసింది. అంచులకు చిల్లులుండే పొడవాటి కాగితం. ముక్క చెయ్యకుండా దాన్ని యార్డులోని సిమెంటు గద్దె మీద పరిచింది. గాలికి లేవకుండా మేం రాళ్ళు పెట్టాం. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మొదటి వరస మీద వేలు పెట్టింది. గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అన్నా, ఈ రెండోది మొదటిదానికి సమానమేనా?"

గుమస్తా అంకెలు చూశాడు. "సమానమే. కొమ్ము జరంత పొట్టిగుంది గంతే. హద్దుల్నే ఉంది."

"మూడోది రెండోదానికి?"

"సమానమే."

అలా కాగితం వెంబడి ఇద్దరూ మోకాళ్ళ మీదే జరుగుతూ పోయారు. ప్రతి వరసకూ ఆమె అడిగింది, ప్రతి వరసకూ ఆయన ఒప్పుకున్నాడు. మేం వంగి చూస్తూ పక్కనే నడిచాం. ఎక్కడా తప్పు లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చివరికి చేరాక ఆమె లేచి కాగితం కొస పట్టుకుని, మొత్తం కాగితాన్ని వెనక్కి మడిచి తెచ్చింది. ఆఖరి వరస మొదటి వరస పక్కన వచ్చి ఆనింది.

"మరి ఇది దీనికి?"

గుమస్తా రెండు వరసల అంకెల మీదా వేలును మార్చి మార్చి పెట్టి చూశాడు.

మొదటి వరసలో పొడుగు కొమ్ములు, అరుదుగా మండలు. ఆఖరి వరసలో పొట్టి కొమ్ములు, సగానికి సగం మండలు. ఒక్కొక్క సరుకూ ముందుదానికన్నా వెంట్రుకంత తగ్గింది. తగ్గినదే మచ్చయింది. దానికన్నా మరో వెంట్రుకంత తగ్గినది వచ్చింది. అన్ని నిజాలను వరసగా పేర్చుకుంటూ పోయి అబద్ధం దగ్గరికి చేరాం. పత్రికలో పనిచేసినవాడికి అబద్ధం కొత్త కాదు. నిజాలతో కట్టిన అబద్ధాన్ని కళ్ళారా చూడడం మాత్రం అదే మొదలు.

ఆమె ఆ రైతు చిట్టీని తీసి మొదటి వరస పక్కన పెట్టింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. అప్పుడు గుమస్తా గొణిగాడు. "అంటే... గీన పసుపు మచ్చుకన్న మంచిగుండబట్టి పోయిందా?"

అవును. సమానం కాదు అని యంత్రం చెప్పింది. తక్కువని చెప్పలేదు, ఎక్కువని చెప్పలేదు. అది చెప్పే గుర్తులను మేమే తీసేయించాం. సరిపోలలేదంటే తక్కువైందనే అందరం అనుకున్నాం. నేను ఇంకో అడుగు ముందుకు వేసి కల్తీ అన్నాను.

ఏరుతున్న ఆడవాళ్ళలోంచి అవ్వ లేచి వచ్చింది. రైతు సంచిలోంచి ఒక కొమ్ము తీసి విరిచింది. టక్కుమంది. లోపల పండిన రంగు. "సంచి దించిననాడే అనుకున్న, గింత మంచి పసుపును బయట పెట్టిండ్రేందని," అంది.

"మరి చెప్పకపోతివేంది అవ్వా?" అన్నాడు అధ్యక్షుడు.

"నన్నెవలు అడిగిండ్రు బిడ్డా? గా కంప్యూటర్ డబ్బనడిగిండ్రు."

ఈసారి రైతు కూడా కొంచెం నవ్వాడు.

అమ్మాయి రెండు కొమ్ములు తీసి అవ్వ ముందు పెట్టింది. ఒకటి నిండుది, ఒకటి కొస విరిగింది. "అవ్వా, ఇవి రెండు ఒక్కటేనా?"

"దేనికి?"

"దేనికంటే?"

"పొడికా, పెండ్లికా? పొడికైతే రెండు ఒక్కటే. పెండ్లికైతే విరిగింది ఎవలు పట్టుకుంటరు? ఊకె ఒక్కటేనా అంటే నేనేం చెప్తనే!"

అమ్మాయి ఆ రెండు కొమ్ములనూ చేతిలోకి తీసుకుంది. "మరి మచ్చు సంగతి?"

"మచ్చడిగినంతన్న ఉండాలె. ఎక్కువుంటే వద్దంటమా? సోలతోని గింజలు కొలుస్తం. కొలిచినప్పుడల్ల గింజలను చూసి సోలను మారుస్తమా?"

ఆమె పెన్ను తీసి అదే కాగితం వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు సంఘం గదిలో ఆ భాషను విప్పి మళ్ళీ కట్టింది. నేను నా మిగతా పనులన్నీ వదిలి ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. రైతు పొద్దుననుంచీ తన సంచుల మీదే కూర్చునేవాడు. మధ్యాహ్నం లోపలికి తొంగి చూసేవాడు. "అయిందా బిడ్డా?" "అయితుంది బాపూ." అంతే మాట.

ఒక్క గుర్తు పోయి మూడు వచ్చాయి. మొదటిది, ఇది అదే వస్తువా అని అడిగేది. ఈ సంచి నిన్న చూసిన సంచేనా? అందులో హద్దులూ తేడాలూ లేవు. రెండోది, కొలతలు సమానమా అని అడిగేది. మూడోది, అడిగినదానికి ఇది తగినదా అని అడిగేది. ఇందులో ఒకవైపు మచ్చు, ఒకవైపు సరుకు. దేనికోసం అడుగుతున్నామో కూడా మచ్చు వైపే రాయాలి.

"రెండు గీతల గుర్తును ఎటునుంచి చూసినా ఒక్కతీర్గనే ఉంటది సార్," అంది నాతో. "గందుకే అది సమానానికే ఉండాలె. ఇది దానికి సమానమైతే అది దీనికి సమానమే గద. సరిపోవుడు అట్ల కాదు. సరుకు మచ్చుకు సరిపోవాలె. మచ్చు సరుకుకు సరిపోవద్దు. అటుదిటు చేస్తే తప్పని గుర్తును చూస్తేనే తెలవాలె." అందుకని ఆ మూడో గుర్తును ఒకవైపు మొనగా, ఒకవైపు గిన్నెలా గీసింది. గిన్నె వైపు మచ్చు ఉండాలి.

గుమస్తా దాన్ని అటూ ఇటూ చూసి, "ఇగ గిది సమజైతది మేడం. చాటలెక్కుంది," అన్నాడు. రెండు మూతుల గుర్తులను చూసి భయపడినవాడు మూడు గుర్తులను పది నిమిషాల్లో నేర్చుకున్నాడు. గుర్తులు ఎక్కువని కాదు ఆయన భయం. వాటిలో ఆయనకు తెలిసిన లోకం లేదని. అది కూడా ఆమెకే అర్థమైంది, నాకు కాదు.

తేమ కొలవడం మరిచిపోయి ఖాళీగా వదిలిన గడి గురించి ఆమె ఒక పూటంతా ఆలోచించింది. అంతకుముందు యంత్రం ఖాళీని సున్నాగా తీసుకునేది. "కొలవనిది వేరు, కొలిస్తే ఏం లేదని తేలింది వేరు," అంటూ, ఖాళీ గడి ఎదురైతే ఏ గుర్తయినా సరే ఆగి మనిషిని అడిగేటట్టు చేసింది. తెలియనప్పుడు ఆగి అడగడం! నేను తలదించుకుని నా చేతిలోని నోటుపుస్తకం వంక చూశాను.

మచ్చు తనంతట తాను మారడం ఆగిపోయింది. మార్చాలంటే గుమస్తా, అవ్వ ఇద్దరూ ఒప్పుకోవాలి. మూడో రోజు పొద్దున రైతు సంచులను అందరి ముందూ మళ్ళీ కొలిచారు. మొదటి రోజు మచ్చును గిన్నె వైపు పెట్టారు. ప్రింటరు గీరింది. గుమస్తా చిట్టీ చింపి పైకి ఎత్తి యార్డంతా వినబడేటట్టు చదివాడు. "సరిపోయింది!" అధ్యక్షుడు రైతు భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఏడు పంపిన సరుకు ఒకే రకంగా లేదని కొనుగోలుదారుకు ఆయన తానే ఉత్తరం రాశాడు. తిట్లు పడ్డాడు, కానీ రాశాడు.

మిగిలింది నేను. జరిగిందంతా రాసి, నా తప్పని ఒప్పుకుంటూ కవర్లో పెట్టాను. నిజామాబాదు డెస్కు నుంచి ఫోను వచ్చింది. "ఇప్పుడెవరికి గుర్తుంటది? ఇగ వదిలెయ్," అన్నాడు నాకన్నా సీనియరు. ఎందుకు వదలకూడదో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మొదటి వార్త మూడు కాలమ్‌ల వెడల్పున వచ్చింది. సవరణ లోపలి పేజీ అడుగున బొటనవేలంత వచ్చింది.

ఆ పేపరు పట్టుకుని బస్సెక్కి, తర్వాత షేర్ ఆటో ఎక్కి ఆ ఊరికి పోయాను. ఎవరూ రమ్మనలేదు. హోటల్ ముందు బెంచీల మీద పదిహేను మంది ఉన్నారు. ఎదురింటి అరుగు మీద రైతు భార్య చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రైతు నన్ను చూసి లేచాడు. రోజూ పేపరు చదివి వినిపించే పెద్దమనిషి చెయ్యి చాచాడు.

"నేనే చదువుతాను," అన్నాను.

చదివాను. పసుపులో ఏ కల్తీ లేదని, మచ్చు కన్నా మేలైనదని, వార్త రాసినవాడు సరుకును చూడకుండా రాశాడని. బొటనవేలంత ముక్క ఎంతసేపు పడుతుంది? అయిపోయింది. ఒకరిద్దరు "అరె" అన్నారు. ఎవరో చాయ్ గ్లాసు నా వైపు జరిపారు. నేను పేపరు మడవబోయాను.

"మల్లొకసారి సదువు సారూ," అంది రైతు భార్య. తలెత్తలేదు.

చదివాను.

"మల్లొకసారి."

"వినబడ్డది గదనే, ఇంక ఊకో," అన్నాడు రైతు మెల్లగా.

"నువ్వూకో. గా మాట నాలుగొద్దులు సదివిండ్రు, పొద్దుగాల, మాపటికి. నేను గీడనే కూసోని విన్న. గీ మాట ఒక్కపారి సదివితే గదీ గిదీ ఒక్కటైతయా?"

నేను నిలబడే చదివాను. ప్రతిసారీ ఆమె ఒక బీడీ చుట్టి, దారం కట్టి, పక్కన విడిగా పెట్టింది. నాలుగోసారి నుంచి పేపరు చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆరోసారికి బెంచీ మీద ముసలాయన ఒకడు నాతోపాటు పెదవులు కదుపుతున్నాడు. ఎనిమిదోసారి అయ్యాక ఆమె విడిగా పెట్టిన బీడీలను వేలితో లెక్కపెట్టి మిగతా వాటిలో కలిపేసింది. అప్పుడు తల ఎత్తింది.

"ఇగ సాలు. చాయ్ సల్లారింది, ఇంకోటి పోయమను సారుకు."